సైక్లోక్రాస్ క్లబ్బులో చేరాలా, ఆ బెల్జియం పిచ్చి ఏమిటి: లోపలి నుంచి ఒక సమాధానం

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. ఒరెగాన్‌లోని హిల్స్‌బరోకి వచ్చి ఏడాది దాటింది. వారాంతాల్లో గ్రావెల్ బైకు, అంటే మట్టి, కంకర దారుల సైకిల్, తొక్కుతున్నారు. ఆఫీసులో ఒకాయన తన సైక్లోక్రాస్ (గడ్డి, బురద, ఇసుక మీద చిన్న చుట్టులో తొక్కే సైకిల్ రేసు) క్లబ్బులో చేరమని అడుగుతున్నాడు. మీకు రేసులు కొత్త, వయసు నలభైకి దగ్గర పడుతోంది, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. పైగా ఆ క్లబ్బువాళ్లు నోరు తెరిస్తే బెల్జియం తప్ప ఇంకో మాట లేదు. చేరితే జీవితం ఎలా ఉంటుంది, ఖర్చెక్కడ అవుతుంది, ఆ బెల్జియం గోలేంటి అని అడిగారు. నేను పోర్ట్‌లాండ్ పక్కన అలాంటి క్లబ్బులోనే చాలా సీజన్లుగా ఉన్నాను, రేసులు తొక్కాను, రేసులు పెట్టించాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చేరండి. అయితే ముందు పని చేయడానికి చేరండి, రేసు తర్వాత దానంతటదే వస్తుంది. మొదటి రెండు మూడు ఆదివారాలు నంబరు పెట్టుకోకుండా వెళ్లండి. పొద్దున్నే టెంట్ వేయడంలో చెయ్యి వేయండి, కోర్సుకు టేపు కట్టండి, పిట్‌లో, అంటే రేసు మధ్యలో బైకు మార్చుకునే చోట, ఎవరిదో రెండో బైకు పట్టుకుని నిలబడండి. ఈ ఆటలో సగం టేపుకి ఇవతలే జరుగుతుంది. ఇవతల నిలబడి చూసినవాళ్లకి అవతల ఏం చేయాలో త్వరగా తెలుస్తుంది. నేను చూసినంతలో ఐదారేళ్లు నిలబడిన ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ ఇలా మొదలుపెట్టినవాళ్లే. ఫలితాల కోసం మాత్రమే వచ్చినవాళ్లు రెండో సీజన్‌కి కనబడరు.

ఇక రేసంటే ఏమిటో. పార్కులోనో, జాతర్లు జరిగే కౌంటీ మైదానంలోనో రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. గడ్డి, బురద, ఇసుక, మెలికలు, పక్కకి వాలిన గట్లు, సైకిల్ దిగి భుజాన వేసుకుని ఎక్కాల్సిన నిట్రపు మెట్ట, పరుగున దూకాల్సిన చెక్క బారియర్లు అన్నీ అందులోనే. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆ బారియర్ ఎత్తు 40 సెంటీమీటర్లకి మించకూడదు. దూరం ఇంతని ముందే చెప్పరు, సమయం చెబుతారు. ప్రపంచ స్థాయిలో మగవాళ్లకి గంట, ఆడవాళ్లకి 50 నిమిషాలు. మన స్థాయిలో 40, 45 నిమిషాలు. మొదటి రెండు ల్యాపులు ఎంతసేపట్లో అయ్యాయో చూసి ఇంకా ఎన్ని మిగిలాయో అధికారులు బోర్డు మీద పెడతారు, చివరి ల్యాపుకి గంట కొడతారు.

ఇందులో కొత్తవాళ్లకి ఒక గొప్ప సౌకర్యం ఉంది. చిన్న చుట్టు కాబట్టి పది నిమిషాలకే ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ కలిసిపోతారు, ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారో టేపు పక్క నిలబడినవాళ్లకి తెలియదు. మీకు మీ ముందున్న ఆ ఒక్క మనిషి, వెనకున్న ఆ ఒక్క మనిషి, అంతే. 63వ స్థానం కోసం పోరాడే ఇద్దరి మధ్య జరిగేది అచ్చమైన రేసే. ముందున్నవాడు మిమ్మల్ని ఒక ల్యాపు దాటేస్తే, అతను గీత దాటాక మీరు గీత చేరగానే మీ రేసు కూడా అయిపోయినట్టే. పెద్ద అంతర్జాతీయ రేసుల్లో మాత్రం బాగా వెనకబడినవాళ్లని మధ్యలోనే పక్కకి లాగేస్తారు. అమెచ్యూర్ రేసుల్లో సాధారణంగా చివరిదాకా తొక్కనిస్తారు.

ఒరెగాన్‌లో ఈ రేసుల్ని చూసుకునేది ఓబ్రా అనే రాష్ట్ర సంఘం, జాతీయ సంస్థ అయిన యూఎస్ఏ సైక్లింగ్‌తో సంబంధం లేకుండా సొంతంగా నడుస్తుంది. 1993లో మొదలైన క్రాస్ క్రుసేడ్ సిరీస్ ఇక్కడి పెద్ద పండగ. ఒక్క రోజులో వెయ్యి మందికి పైగా రేసు తొక్కిన రోజులు ఈ సిరీస్‌లో ఉన్నాయి, హాలోవీన్ వారాంతంలో సగం మంది వేషాలు వేసుకుని వస్తారు. కొత్తవాళ్ల కేటగిరీ, వయసును బట్టి మాస్టర్స్, ఆడవాళ్లకి వేరే కేటగిరీలు, పిల్లలకి చిన్న చుట్టు ఉంటాయి. మీ ఇద్దరు పిల్లల్ని తీసుకురండి. మీ శ్రీమతికి కూడా ముందే చెప్పండి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆదివారాలు ఇటే పోతాయని. ఈ ఒక్క మాట ముందే మాట్లాడుకోని ఇళ్లలో అక్టోబరు నాటికి గొడవలు మొదలవుతాయి. మా క్లబ్బులో నెలకి రెండు రేసులు మాత్రమే తొక్కేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లని ఎవరూ తక్కువగా చూడరు.

బైకు గురించి టెన్షన్ వద్దు. మీ గ్రావెల్ బైకు చాలు. 33 మిల్లీమీటర్ల టైరు పరిమితి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) స్థాయి రేసులకి. ఇక్కడ మౌంటెన్ బైకులతో కూడా వస్తారు, హ్యాండిల్‌కి కొమ్ములు బిగించి ఉంటే మాత్రం తీసేయాలి. బాటిల్ స్టాండ్లు రెండూ విప్పేయండి, లేకపోతే సైకిల్‌ని భుజాన వేసుకునేటప్పుడు అడ్డొస్తాయి, పైగా 45 నిమిషాల్లో నీళ్లు తాగే సందు దొరకదు. పెడల్స్ రెండు వైపులా బూటు ఇరుక్కునే రకం కావాలి, బూట్లకి ముందువైపు మేకులు బిగించుకునే వీలుండాలి. ముందు పళ్లచక్రం ఒకటే 40 పళ్లది, వెనక పెద్దది 34 దాకా ఉంటే ఏ మెట్టకైనా సరిపోతుంది.

డబ్బు పెట్టాల్సినది టైర్ల మీద. దానికన్నా ముందు గాలి కొలిచే మంచి మీటరు మీద. క్రాస్‌లో, అంటే సైక్లోక్రాస్‌లో, సగం మాటలు గాలి గురించే ఉంటాయి, అవి ఉత్త మాటలు కావు. 70 కిలోల మనిషి 33 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరుతో 28 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి, తడి గడ్డి మీద రెండు మూడు తగ్గించుకుంటూ చూడాలి. మలుపులో టైరు కొద్దిగా నలుగుతున్నట్టు తెలియాలి, రాయి తగిలినప్పుడు అప్పుడప్పుడు రిమ్ముకి తగులుతున్నట్టు ఉండాలి, గట్టిగా కొట్టకూడదు. రేసుకి ముందు కోర్సు చూడటానికి తిరిగే రెండు చుట్లలో ఈ పని చేస్తారు. కొద్దికొద్దిగా గాలి వదులుతూ ఒకే మలుపు నాలుగుసార్లు తిరిగేవాళ్లని చూస్తే వింతగా అనిపిస్తుంది, తర్వాత మీరూ చేస్తారు. బెల్జియంలో పెద్ద రైడర్లు కాటన్ గుడ్డతో చేసి రిమ్ముకి అంటించే ట్యూబులర్ టైర్లు వాడి ఇంకా తక్కువ గాలితో తొక్కుతారు. మొదటి రెండేళ్లు మీరు ఆ జోలికి పోవద్దు. అంటించడం ఒక పెద్ద పని, చెడితే మళ్లీ పెద్ద ఖర్చు.

మిగతా ఖర్చులు ఎక్కడుంటాయంటే, బ్రేక్ ప్యాడ్లు, చెయిన్లు, బేరింగులు. ఇక్కడి ఇసుక కలిసిన బురదలో మెత్తటి రెజిన్ ప్యాడ్లు ఒక్క తడి రేసులోనే అరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి, లోహం కలిపిన ప్యాడ్లు వాడండి. రేసయ్యాక కడిగేటప్పుడు ప్రెషర్ నీళ్లని ఇరుసుల మీదికి నేరుగా కొట్టకండి. ఇంటికి తెచ్చిన బట్టల్ని ముందు పెరట్లో పైపుతో కడిగి, తర్వాతే వాషింగ్ మెషీన్‌లో వేయండి. క్లబ్బుకి కట్టే రుసుము, రేసు ఫీజులు ఏటా మారతాయి కాబట్టి అంకెలు రాయడం లేదు. స్పాన్సర్ చేసే సైకిల్ షాపులో సభ్యులకి తగ్గింపు ఉంటుంది, అది అడిగి తెలుసుకోండి. రెండో బైకు కొనాలన్న కోరిక నవంబరులో అందరికీ పుడుతుంది. క్లబ్బులో మీ ఎత్తువాళ్లు ఎవరో చూసుకోండి, పిట్‌లో వాళ్ల బైకు మీకు, మీ బైకు వాళ్లకు పనికొస్తుంది. వాళ్ల కేటగిరీ వేరే సమయంలో ఉంటే ఇంకా మంచిది.

పిట్ అన్నాను కదా, దాని గురించి చెప్పాలి. కోర్సు రెండు చోట్ల దాని పక్క నుంచి పోయేలా గీస్తారు, ఒక్కో ల్యాపులో రెండుసార్లు అందులోకి వెళ్లే అవకాశం వస్తుంది. సైకిల్ మార్చుకోవడం, చక్రం మార్చుకోవడం అక్కడే చేయాలి. పిట్ దాటాక పంక్చరైతే వెనక్కి రాకూడదు, మళ్లీ పిట్ వచ్చేదాకా మోసుకుంటూ పరిగెత్తాలి. బురద రోజున మంచి రైడర్లు సగం ల్యాపుకోసారి బైకు మారుస్తారు. పిట్‌లో ఉన్నవాళ్లు ఆ నాలుగైదు నిమిషాల్లో బురద బైకుని కడిగి, చెయిన్‌కి నూనె వేసి, సరైన గేరులో పెట్టి, రైడర్ వచ్చే దిక్కుకి నిలబెట్టి పట్టుకోవాలి. వచ్చేవాళ్లు పాతది వదిలేస్తారు, దాన్ని ఒకరు పట్టుకుంటారు, కొత్తదాన్ని ఇంకొకరు అందిస్తారు. ఇది రెండు మూడు సెకన్ల పని. మా క్లబ్బులో అందరికన్నా గౌరవం ఎవరికంటే, ఏ రేసూ గెలవని ఒక రిటైరైన పెద్దాయనకి. చలిలో చేతులు నీలం తిరిగేదాకా పిట్‌లో నిలబడతాడు, ఎవరి సైకిల్‌కి ఏ శబ్దం వస్తే ఏం చెడిందో చెప్పేస్తాడు. ఆయన పక్కన ఒక్క పూట నిలబడండి. వీడియోలు చూసి నేర్చుకోలేనివి నేర్చుకుంటారు.

బుధవారం సాయంత్రాలు ప్రాక్టీసు. ఏదో స్కూలు మైదానం, అక్టోబరు సగానికల్లా చీకటి, తలలకి లైట్లు. గంటసేపు దిగడం, ఎక్కడం, మోయడం. ముందు గడ్డి మీద నడకంత వేగంతో నేర్పిస్తారు. కుడికాలు వెనక నుంచి ఎడమ వైపుకి తీసుకొచ్చి, ఎడమ పెడల్ మీద నిలబడి, నేల తాకగానే పరుగు అందుకోవాలి. ఎక్కేటప్పుడు సీటు మీదికి గెంతకూడదు, తొడ లోపలి భాగం సీటుకి రాసుకుంటూ జారాలి. ఎక్కేముందు ఒక చిన్న అడుగు అదనంగా వేసే అలవాటు అందరికీ ఉంటుంది, అది పోవడానికి ఒక సీజన్ పడుతుంది. ఇసుకలోకి వేగంగా, పెద్ద గేరులో, బరువు వెనక్కి పెట్టి వెళ్లాలి. హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటే ముందు చక్రం అడ్డం తిరుగుతుంది, అదే గాడి వెతుక్కోనివ్వాలి. పక్కవాలు గట్టు మీద కిందివైపు పెడల్ మీద బరువు వేసి, చూపు పది గజాల ముందు పెట్టాలి. చక్రాన్ని చూస్తే చక్రం జారుతుంది. మీకు ప్రత్యేకంగా ఇంకొకటి: వారానికి ఒకసారి పావుగంట మెట్లు ఎక్కి పరిగెత్తండి. సైకిల్ తొక్కేవాళ్ల పిక్కలకి పరుగు కొత్త, మొదటి రేసు మర్నాడు మెట్లు దిగలేక ఇబ్బంది పడతారు.

ఒంటి సంగతి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. ఈ 45 నిమిషాలూ గుండె దాని గరిష్ఠ వేగానికి దగ్గరగా కొట్టుకుంటుంది, మధ్యలో తేరుకునే సమయం ఉండదు. మన దక్షిణాసియా వాళ్లలో గుండె జబ్బులు మిగతావాళ్లకన్నా తక్కువ వయసులోనే కనిపిస్తాయని వైద్యులు చెబుతూనే ఉన్నారు. షుగర్, బీపీ ఉన్న కుటుంబమైతే, లేకపోయినా నలభై దగ్గర పడింది కాబట్టి, మొదటి రేసుకి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లి నేను ఇలాంటి రేసు తొక్కబోతున్నాను అని స్పష్టంగా చెప్పి పరీక్షలు చేయించుకోండి. దెబ్బల విషయానికొస్తే, వేగం తక్కువ, నేల మెత్తన, కార్లు లేవు. అయినా మణికట్టు, భుజం ఎముక, బారియర్ దగ్గర చీలమండ జాగ్రత్త. రేసు అయిన ఐదు నిమిషాల్లో పొడిబట్టల్లోకి మారండి, ఆ నిలబడి మాట్లాడే అరగంటలోనే ఒళ్లు చల్లబడిపోతుంది.

కాళ్లకి రాసే వేడి తైలం గురించి ఎవరూ ముందు చెప్పరు. మిరపకారంలోని మంట పుట్టించే పదార్థం కలిపి చేస్తారు, బెల్జియం వాళ్ల రేసుల్లో ఆ వాసన గాల్లోనే ఉంటుంది. ప్యాడ్ ఉన్న నిక్కరు వేసుకున్నాకే రాసుకోండి, రాసుకున్నాక చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. స్నానానికి వేణ్నీళ్లు పోసుకునేముందు గుడ్డతో తుడిచేయండి.

ఇప్పుడు బెల్జియం.

ఈ ఆట పుట్టింది ఫ్రాన్స్‌లో. అక్కడ 1902లో మొదటి జాతీయ పోటీ పెట్టారు, 1950లో మొదటి ప్రపంచ పోటీ కూడా పారిస్‌లోనే జరిగింది, గెలిచింది ఫ్రెంచి రైడర్ జాన్ రోబిక్. కానీ దాన్ని సొంతం చేసుకున్నది బెల్జియంలో డచ్ మాట్లాడే ఉత్తర భాగం, ఫ్లాండర్స్. ఎరిక్ డి వ్లామింక్ 1966 నుంచి 1973 మధ్యలో 7 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అతని తమ్ముడు రోజర్ 1975లో అదే పోటీ గెలిచాడు, పారిస్-రూబే రోడ్డు రేసు 4 సార్లు గెలిచాడు. 2012లో కాక్‌సైడె ఇసుక దిబ్బల మీద జరిగిన ప్రపంచ పోటీలో మగవాళ్ల రేసులో మొదటి ఏడు స్థానాలూ బెల్జియం వాళ్లవే. ఇవాళ రోడ్డు మీద పెద్ద పేర్లయిన వౌట్ వాన్ ఆర్ట్, మాథ్యూ వాన్ డర్ పూల్ ఇద్దరూ ఈ బురదలోంచి వచ్చినవాళ్లే. వాన్ డర్ పూల్ నెదర్లాండ్స్ జెండా కింద తొక్కుతాడు గానీ పుట్టింది బెల్జియంలోని కపెల్లెన్‌లో. 2025లో తన ఏడో టైటిల్ గెలిచి డి వ్లామింక్‌ని అందుకున్నాడు. ఆడవాళ్లకి ప్రపంచ పోటీ 2000లో గానీ మొదలు కాలేదు. ఫ్లాండర్స్ అమ్మాయి సాన్నె కాంట్ 2017 నుంచి వరసగా మూడుసార్లు గెలిచింది.

మా క్లబ్బు దేవుడు మాత్రం స్వెన్ నైస్ అనే బెల్జియం రైడర్. చిన్నప్పుడు బీఎంఎక్స్ (గెంతుల రేసులకి వాడే చిన్న సైకిల్) తొక్కి పెరిగాడు, అందరూ దిగి దూకే బారియర్ల మీదుగా సైకిల్‌తో సహా ఎగిరేవాడు. వరల్డ్ కప్ రేసులు 50 గెలిచాడు. 2013లో ప్రపంచ పోటీ మొదటిసారి యూరప్ దాటి అమెరికాకి, కెంటకీలోని లూయివిల్‌కి వచ్చింది. ఒహాయో నదికి వరద వస్తోందని రెండు రోజుల రేసుల్ని కుదించి ఫిబ్రవరి 2న ఒక్క రోజులోనే పెట్టేశారు. 36 ఏళ్ల నైస్ ఆ రోజు తన రెండో ప్రపంచ టైటిల్ గెలిచాడు. అమెరికా క్లబ్బుల్లో పాతవాళ్లు ఆ రోజు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తమ ఊరి పార్కుల్లో చిన్నగా ఆడుకుంటున్న ఆటని బెల్జియం నుంచి విమానమెక్కి వచ్చిన జనం అంత సీరియస్‌గా చూడటం వాళ్లకి అప్పుడే ఎదురుగా కనబడింది.

గెలుపుల పట్టిక మాత్రమే అయితే ఈ పిచ్చికి అర్థం ఉండదు. మన ప్రకాశం, గుంటూరు వైపు సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. ఏ జత ఏ ఊరిది, పోయినేడు ఎన్ని అడుగులు లాగింది, ఎవరు తోలారు, ఏ గిత్తకి ఏ గుణముంది, అన్నీ గట్టు మీద కూర్చున్న ముసలాయనకి తెలుసు. ఫ్లాండర్స్‌లో క్రాస్ అంతే. నవంబరు 1 వాళ్లకి సర్వ పునీతుల పండగ, సెలవు. ఆ రోజు ఔడెనార్డ దగ్గర మెల్డెన్ అనే పల్లెలో కోపెన్‌బెర్గ్ కొండ మీద రేసు. టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ అనే పెద్ద రోడ్డు రేసులో పేరుమోసిన రాళ్లబాట అది, 600 మీటర్ల పొడవు, బాగా నిట్రంగా ఉన్నచోట 22 శాతం ఎక్కుడు. దాని పక్కన ఆవులు మేసే పొలంలో తాళ్లు కట్టి కోర్సు వేస్తారు, టికెట్టు కొనుక్కుని కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి గట్టు మీద నిలబడతారు. నైస్ ఈ రేసు 9 సార్లు గెలిచాడు. జనవరి 1న అతని సొంతూరు బాల్‌లో అతని పేరు మీదే రేసు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా దాదాపు రోజు విడిచి రోజు ఏదో ఒక ఊళ్లో రేసు ఉంటుంది, సెలవులకి ఇంటికొచ్చినవాళ్లంతా పక్క ఊరికి రేసు చూడటానికి పోతారు. ఛాంపియన్ తన వ్యాను పక్కనే రోలర్ల మీద ఉన్నచోటే సైకిల్ తొక్కుతూ కాళ్లు వేడెక్కించుకుంటుంటే చిన్నపిల్లలు రెండు గజాల దూరంలో నిలబడి చూస్తారు. ఆ రైడర్‌కి ఊళ్లో ఒక కాఫీ-బీరు హోటల్, ఆ హోటల్లో అతని అభిమాన సంఘం, వాళ్లకి ఒక బస్సు. చూసేవాళ్లూ, పొలం ఇచ్చిన రైతూ, తాడు కట్టినవాళ్లూ లేకపోతే ఆ రేసే లేదని అక్కడ అందరికీ తెలుసు. మీ క్లబ్బువాళ్లు బెల్జియం బెల్జియం అంటున్నది దీన్ని ఇక్కడ, తమ చేతనైనంతలో, కట్టుకోవాలనే.

అది ఎలా కనబడుతుందో చెబుతాను. ఫ్లాండర్స్‌కీ మనకీ 9 గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం మూడింటికి మగవాళ్ల రేసంటే ఇక్కడ పొద్దున ఆరు. ఎవరో ఒకరి ఇంట్లో చీకటితో లేచి, పెద్ద టీవీ ముందు పదిమంది చేరి, ఆడవాళ్ల రేసుతో మొదలుపెట్టి చూస్తారు. యూరప్‌లో గడియారాలు అక్టోబరు చివరి ఆదివారం మారతాయి, ఇక్కడ నవంబరు మొదటి ఆదివారం మారతాయి కాబట్టి కోపెన్‌బెర్గ్ సమయానికి చాలా ఏళ్లలో తేడా 8 గంటలే ఉంటుంది, ఏటా ఎవరో ఒకరు గంట ముందే వచ్చి తలుపు కొడతారు. ముత్యాల చక్కెర వేసిన లియేజ్ వాఫిల్స్, కాఫీ. ఏ గాడిలో ఎవరు వెళ్తున్నారు, ఎవరు ఎక్కడ దిగారు, ఎవరు పిట్ ముందు గేరు మార్చారు అన్నదే సంభాషణ. అక్కడ చూసినదాన్ని అదే రోజు మధ్యాహ్నం మన బురదలో ప్రయత్నించడం ఉంటుంది చూశారూ, అంత బాగా నేర్పే పాఠం నాకు ఇంకోటి తెలియదు.

రేసు దగ్గర పసుపు మీద నల్ల సింహం జెండా కడతారు. ఇందులో ఒక తేడా ఉంది, కొత్తవాళ్లు తెలుసుకోవాలి. ఎర్ర నాలుక, ఎర్ర గోళ్లున్నది ఫ్లాండర్స్ అధికారిక జెండా. పూర్తిగా నల్లగా ఉండే సింహాన్ని అక్కడి జాతీయవాద ఉద్యమం వాడుతుంది. ఎవరో చవగ్గా దొరికిందని ఆన్‌లైన్‌లో రెండోదాన్ని కొనుక్కొస్తుంటారు, మా క్లబ్బులో దాన్ని కట్టనివ్వం. ఒక ప్రాంతాన్ని ప్రేమించేటప్పుడు దాని రాజకీయాల మీద ఆ మాత్రం శ్రద్ధ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఆవుమెడ గంటలు మోగిస్తారు, టేపు పక్క నుంచి గట్టిగా అరుస్తారు, కొన్ని చోట్ల రైడర్లకి డాలరు నోటో, బీరు గ్లాసో అందిస్తారు. కొన్ని సంఘాలు, కొన్ని పార్కులు దీన్ని ఒప్పుకోవు. తాగడం అలవాటు లేకపోతే ఏం చేయాలని మీరు మొహమాటంగా అడిగారు. తాగరని ఒక్కసారి చెప్తే చాలు, మా టెంట్‌లో మా ఇంటి నుంచి ఫ్లాస్కుల్లో తెచ్చే అల్లం టీకి బీరుకన్నా పెద్ద వరస ఉంటుంది. శాకాహారులైతే ఒక్క సంగతి: బెల్జియంలో ఆలుగడ్డ ఫ్రైస్‌ని సంప్రదాయంగా గొడ్డు కొవ్వులో వేయిస్తారు. అక్కడికి వెళ్తే బండి దగ్గర అడిగి తీసుకోండి, కూరగాయల నూనె వాడేవాళ్లూ ఉంటారు. ఇక్కడ క్లబ్బు టెంట్‌లో వేయించేది నూనెలోనే, అయినా అడగండి.

ఇక క్లబ్బు ఏడాదికొక రేసు పెడుతుంది, మీ మీద నిజంగా బరువు పడేది అక్కడే. వేసవిలోనే పార్కు అనుమతి, బీమా, అంబులెన్సు, తాత్కాలిక మరుగుదొడ్లు చూసుకోవాలి. ముందురోజు వందలకొద్దీ మేకులు పాతి కిలోమీటర్లకొద్దీ టేపు కట్టాలి. కోర్సు గీయడం మా దగ్గర పెద్ద చర్చ. మలుపులు ఎక్కువైతే వెనకున్నవాళ్లు దిగి నడవాలి, తక్కువైతే బలమున్నవాళ్లదే రాజ్యం. మొదటి మలుపు స్టార్టు నుంచి దూరంగా, వెడల్పుగా ఉండాలి, లేకపోతే పడిపోతారు. చెట్టు వేర్ల మీద నుంచి పోనివ్వకూడదు. రేసయ్యాక సాయంత్రం చీకటిలో టేపంతా చుట్టాలి, ప్రతి మేకూ లెక్క చూసుకుని పీకాలి. ఒక్క మేకు మిగిలినా సోమవారం గడ్డి కోసే యంత్రం కింద పడుతుంది. తర్వాతి వారం గాళ్లు పడినచోట మట్టి సర్ది గడ్డి విత్తనాలు చల్లాలి. బాగు చేయకుండా వదిలేసిన పార్కు మరుసటి ఏడు దొరకదు, ఒక్కసారి పోయిన పార్కు మళ్లీ దొరకడం మహా కష్టం. అందుకే రేసులో 63వ స్థానం వచ్చి సాయంత్రం ఆఖరి మేకు దాకా ఉన్నవాళ్ల పేరు క్లబ్బులో అందరికీ తెలుస్తుంది.

చెడ్డవి లేవా అంటే ఉన్నాయి. కొందరు పై కేటగిరీకి వెళ్లాల్సినా కిందే ఉండిపోయి కొత్తవాళ్ల మీద గెలుస్తుంటారు. అరుపులు కొన్నిసార్లు హద్దు దాటతాయి, మనవాళ్ల యాసనో, ఒంటినో ఎగతాళి చేసేవాడు ఎప్పుడో ఒకడు తగులుతాడు. క్లబ్బు పెద్దలకి అప్పుడే చెప్పండి, ఊరుకోవద్దు. మంచి క్లబ్బు అయితే వాళ్లు వెళ్లి మాట్లాడతారు. మీ సహోద్యోగి క్లబ్బులో ఆడవాళ్లెంతమంది, పిల్లలెంతమంది వస్తున్నారో ఒకసారి చూడండి. అది చూస్తే మిగతాదంతా తెలిసిపోతుంది.

క్లబ్బు ఏదో ఒక డిసెంబరులో బెల్జియం ప్రయాణం పెడుతుంది, మిమ్మల్నీ రమ్మంటారు. భారత పాస్‌పోర్టు అయితే షెంగెన్ వీసా కావాలి, క్రిస్మస్ ముందు అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి వేసవి చివర్లోనే మొదలుపెట్టండి. హెచ్-1బీ మీద ఉంటే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు ఉందో లేదో టికెట్టు కొనే ముందే చూసుకోండి. గెంట్‌లోనో ఔడెనార్డలోనో ఇల్లు తీసుకుంటే చాలా రేసులకి దగ్గర. ఔడెనార్డలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ మ్యూజియం ఉంది, చలి ఎక్కువైన రోజున అక్కడ సగం పూట గడపొచ్చు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు కొనుక్కోండి. పొద్దున్నే వెళ్లి కోర్సంతా నడవండి, ఆడవాళ్ల రేసుకి ఇసుక దగ్గరో పక్కవాలు దగ్గరో నిలబడి ఏ దారి పనిచేస్తోందో చూడండి. మగవాళ్ల రేసు సగం పిట్ దగ్గర చూడండి. నామూర్ కోట మెట్టలూ, జోన్‌హోవెన్‌లో జనం చుట్టూ నిలబడే ఆ ఇసుక గుంటా ఈ రెంటిలో ఏదైనా ఒకటి తప్పక చూడండి, టీవీలో ఆ వాలు ఎంత నిట్రమో తెలియదు.

అదంతా తర్వాత. ఈ బుధవారం ప్రాక్టీసుకి వెళ్తే బాటిల్ స్టాండ్లు విప్పిన బైకు, తలకి లైటు, రెండో జత సాక్సులు, తుండుగుడ్డ పట్టుకెళ్లండి. గంట ముందు కాస్త అన్నమో ఇడ్లీయో తినండి, నిండా తినకండి. ఆదివారం టెంట్ వేసేది ఎవరని అడిగి, పొద్దున ఎన్నింటికి రావాలో వాళ్ల దగ్గరే కనుక్కోండి. మీ ఎత్తూ, టైరు వెడల్పూ ఇక్కడ రాస్తే మొదటి రేసుకి గాలి ఎంత పెట్టుకోవాలో లెక్క చూసి చెబుతాను.